ఐదు కాళ్ళ ఏనుగు

మా అక్క అల్లిన మొదటి ఏనుగుకి ఐదు కాళ్ళు. ఆ తప్పు అక్కది కాదు, బావది. ఈ మాట నేను బావ ముందే అంటాను. ఆయన కూడా ఇప్పుడు కాదనడు.

అక్క క్రోషా సూది పట్టుకున్నది సరదాకి కాదు. నాలుగేళ్ళ కిందట మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్ళు సరిగ్గా వంగలేదు. వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ఒక సూదీ ఒక దారపుండా చేతిలో పెట్టి రోజూ కాసేపు అల్లమంది. చెయ్యి నయమైంది గానీ అలవాటు నయం కాలేదు. ముందు కప్పుల కింద పెట్టే గుండ్రటి ముక్కలు, తాళంచెవులకి తగిలించే చేపలు, నా జడకి పెట్టుకోమని ఒక పీత. యాభై దాటిన మనిషిని, ఆ పీత పెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు, అదే నా బాధ. ఆ తర్వాత టీవీ రిమోటుకి చొక్కా వచ్చింది, కుళాయికి టోపీ వచ్చింది. చివరికి దూది కూరిన బొమ్మల దగ్గర స్థిరపడింది.

కూరలో ఉప్పు వేశానా లేదా అని నాకు ఫోన్ చేసి అడిగే మనిషి అక్క. బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం రాక్షసి. ఆరు కుట్లతో మొదలుపెడుతుంది, వరసకి ఆరు పెంచుతుంది. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, అలా నలభై రెండు దాకా వెళ్తే ఏనుగు పొట్ట. ఒక్క కుట్టు అటూ ఇటూ అయినా విప్పి పారేస్తుంది. కుట్లు లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదులుతూ ఉంటాయి, పలకరిస్తే చూపుతోనే కాల్చేస్తుంది.

బావ లెక్కల మాస్టారు. రిటైరయ్యాక కొన్నాళ్ళు ఇంట్లో ఉన్న చెంచాలూ గిన్నెలూ లెక్కపెట్టి, ఇక లెక్కపెట్టడానికి ఏమీ మిగలక, ముందు గదిలో నల్లబోర్డు బిగించి ట్యూషన్ మొదలుపెట్టాడు. పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు. మధ్యాహ్నం కునుకు తీస్తూ కూడా ఎక్కాలు వల్లిస్తాడు. చెప్తే నమ్మరు గానీ పదిహేడో ఎక్కం, ఒక్క తప్పు లేకుండా. ముందు గదికీ మధ్య గదికీ నడుమ తలుపు లేదు, కర్టెన్ ఉంది. అక్క కుర్చీ ఆ కర్టెన్ వెనకే. ఇంట్లో మంచి వెలుతురొచ్చే కిటికీ అదొక్కటే మరి.

ట్యూషన్ మొదలైన వారానికల్లా బొమ్మలకి తెగులు పట్టుకుంది. ఆక్టోపస్‌కి పదకొండు చేతులొచ్చాయి. కుందేలు చెవుల్లో ఒకటి బుజం దాకా, ఒకటి మోకాలి దాకా. బావ దశాంశాలు చెప్పిన రోజు జిరాఫీ మెడ ఎక్కడ ఆపాలో అక్కకి తెలియలేదు. అది కుర్చీ దిగి నేల మీద పాకింది.

సరిగ్గా అప్పుడే బజార్లో బొమ్మల షాపావిడ నా తాళంచెవుల చేపని చూసి ఎవరల్లారని అడిగింది. నేను అక్కని తీసుకెళ్ళాను. షాపు అద్దాల వెనక వరసగా పెట్టడానికి ఇరవై నాలుగు ఏనుగులు కావాలంది. నమూనాకి ఒకటి అడిగింది. అక్క ఇంటికెళ్ళి ఒకటి అల్లి తెచ్చి ఇచ్చింది. షాపావిడ దాన్ని బల్ల మీద నిలబెట్టి, వంగి చూసింది.

"ఈ ఐదో కాలు ఎందుకమ్మా?"

"స్పేరండీ," అన్నాను నేను, అక్క పరువు నిలబెడదామని.

ఆవిడ నవ్వలేదు. "ఇరవై నాలుగూ ఒక్కలా ఉండాలి. నెలాఖరు శనివారానికి తెస్తే సరే, లేకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. మీ ఇష్టం, బొమ్మలావిడా," అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అక్క, "నన్ను బొమ్మలావిడ అందే," అంది. పెళ్ళైన దగ్గర్నుంచి అక్కని అందరూ మాస్టారి భార్య అనే అన్నారు. ఈ కొత్త పిలుపు శనివారంతో పోతుందేమోనని ఆమెకి భయం పట్టుకుంది. నాకూ పట్టుకుంది.

ఆ సాయంత్రం బావ ముందు నిలబడి, "ఏమండీ, నెలాఖరు దాకా ఇంట్లో అంకెలు అనకండి," అంది.

బావ నోరు వెళ్ళబెట్టాడు. "లెక్కల ట్యూషన్‌లో అంకెలు అనకుండా ఏం చెప్పనూ? పాటలా?"

"అది మీ తిప్పలు."

"నాది పని. నీది కాలక్షేపం. నీ కాలక్షేపం కోసం నా పని మానుకోమంటావా?"

"మరి పిల్లలు కూడా అరుస్తారు కదే అక్కా, వాళ్ళనీ ఆపుతావా?" అని నేను మధ్యలో దూరాను.

"ఊరంతా అంకెలు అరిచినా నాకేం కాదు. ఈయన గొంతులో వింటేనే నా చెయ్యి అటు పోతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈయన ఎంతంటే అంత అనుకున్నాను. ఇప్పుడు చేతికి చెప్తే వినదు," అంది అక్క.

బావ కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

మర్నాడు ఐదో తరగతి పిల్లలకి కూడా ఎక్స్, వై అంటూ మొదలుపెట్టాడు. ఇద్దరు ఏడ్చారు. ఆ మర్నాడు బోర్డు మీద ఒక పట్టిక వేశాడు. ఒకటికి చెంచా, రెండుకి గొడుగు, మూడుకి దువ్వెన, నాలుగుకి కుర్చీ, ఐదుకి తాళం. ఆరుకి ఏనుగు, అక్క మీద గౌరవంతో. ఇలా తొమ్మిది దాకా, సున్నాకి గిన్నె. ఇక చూడండి, ముందు గదిలోంచి బావ గొంతు కంచులా మోగేది.

"గొడుగు దువ్వెనలు?"

"ఏనుగు!"

"తాళం గొడుగులు?"

"చెంచా గిన్నె!"

పిల్లలకి పండగలా ఉంది. కర్టెన్ వెనక ఏనుగులు నాలుగేసి కాళ్ళతో, ఒకే పొట్టతో వరసగా తయారవుతున్నాయి. నేను రోజూ వెళ్ళి దూది కూరేదాన్ని.

గొడవ బయట మొదలైంది. ట్యూషన్‌కొచ్చే బస్సు డ్రైవరు కూతుర్ని ఎవరో వయసెంతమ్మా అని అడిగితే, చెంచా గిన్నె అంది. బడిలో పరీక్షకి తొమ్మిది మంది జవాబుల్లో ఏనుగు రాశారు, ఒకడు బొమ్మ కూడా వేశాడు. ఇదేంటని అడిగిన తల్లిదండ్రులకి బావ కొత్త పద్ధతి అని చెప్పుకొచ్చాడు. భార్య బొమ్మల కోసం అని చెప్పడానికి నామోషీ.

గడువుకి ముందురోజు, శుక్రవారం సాయంత్రం, వాళ్ళందరూ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ముందు గది నిండిపోయింది. అప్పటికి ఇరవై మూడు ఏనుగులు అయ్యాయి, ఆఖరి దాని పొట్ట అక్క చేతిలో ఉంది. నేను పక్కన కూర్చుని కర్టెన్ సందులోంచి చూస్తున్నాను.

"మాస్టారూ, మీరు లెక్కలు మర్చిపోయారని బయట అనుకుంటున్నారు," అన్నాడు డ్రైవరు. "మాకు ఆ చెంచాలూ గొడుగులూ వద్దు. పిల్లల ముందు ఒక్క ముక్క మామూలుగా చెప్పండి. ఆరు ఏడులు ఎంత?"

అక్క పెదవులు కదులుతూనే ఉన్నాయి. ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు.

బావ కర్టెన్ వైపు చూశాడు. "ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు.

"ఆరు ఏడులకి నిమిషం ఎందుకండీ!"

ఎవరో కిసుక్కుమన్నారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. నలభై ఏళ్ళు బడిలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పనివాళ్ళని బెంచీ ఎక్కించిన మనిషి. చేతిలో సుద్దముక్కని అటూ ఇటూ తిప్పాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

ఒకావిడ కొడుకు చెయ్యి పట్టుకుని లేచింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి. ఆయన మీద జీవితంలో నాకెప్పుడూ అంత ప్రేమ కలగలేదు.

లోపల అక్క వరస పూర్తి చేసింది. కుట్టు జారకుండా పిన్నీసు గుచ్చి, పొట్ట చేతిలో పట్టుకుని, కర్టెన్ తీసి గుమ్మంలో నిలబడింది.

"నలభై రెండు," అంది.

అందరూ అక్క వైపు తిరిగారు. డ్రైవరు ఆమె ముఖాన్నీ ఏనుగు పొట్టనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, "అమ్మగారూ, పోనీ మీరే చెప్పకూడదా పిల్లలకి?" అన్నాడు.

అక్క నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"ఆవిడకి తీరదండీ. పనిలో ఉంది."

ఇరవై నాలుగూ ఒక్కలాగే వచ్చాయి. మర్నాడు షాపావిడ టేపు పెట్టి కొలిచి మరీ తీసుకుంది. ట్యూషన్‌కి సోమవారం నుంచి సగం మందే వచ్చారు, మిగతావాళ్ళు మెల్లగా చేరారు. అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం బావ ఆ మాటన్నాక అక్క మళ్ళీ కర్టెన్ వెనక కూర్చుంది. తర్వాతి వరస తప్పు లెక్కపెట్టింది. విప్పింది. మళ్ళీ తప్పు లెక్కపెట్టింది. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ ఒక్క అంకె కూడా అనలేదు.