గ్లాసులో ఊగే కాళ్లు

గాలాల కొట్టు మేడమీది గదిలో ఆవిడ ముప్పై రెండేళ్లు కూర్చుంది. అందరూ పురుగులక్కయ్య అనేవారు. చేపలకు ఎరగా, నదిలో రాళ్ల కింద పాకే పురుగుల బొమ్మల్ని అచ్చు దింపినట్టు గాలపు ముల్లు మీద దారంతో కట్టేది. ఇంతా చేసి ఒక్కనాడూ నదిలో కాలు పెట్టలేదు.

కట్టిన ప్రతి పురుగునీ గాజు గ్లాసులో నీళ్లు పోసి వేలాడదీసి, సన్నటి గొట్టంతో ఊదేది. ఆరు రబ్బరు కాళ్లూ ఊగితే సరే. ఒక్కటి బిగుసుకున్నా మొత్తం విప్పి మళ్లీ మొదలు. చేపలు నదిలో ఉన్నాయిగాని నీ గ్లాసులో లేవని యజమాని దెప్పేవాడు. ఆవిడ ఊదుతూనే ఉండేది. సాయంత్రపు ఎండలో ఆ కాళ్ల ఎరుపూ పసుపూ గోడ మీద ఆడేవి. ఆ గోడ ఇప్పటికీ ఆవిడ కళ్లకు కట్టినట్టుంటుంది. ఎదుట నిలబడ్డ మనిషి ముఖమే మసక.

చూపు తగ్గి పని మానేసిన మూడేళ్లకు, ఎప్పట్నుంచో ఆవిడ పురుగులే కొనే లెక్కల మాస్టారు ఇంటికొచ్చారు. రేపు మనవరాలు మొదటిసారి గాలం వేస్తుందట. కొట్లో దొరికే కొత్త పురుగుల కాళ్లు ఇనపతీగల్లా ఉన్నాయట.

"కట్టగలను మాస్టారూ, చూసుకోలేను. చూడకుండా ఇవ్వనని మీకు తెలుసుగా."

"కట్టండి అక్కయ్యా, ముందు."

రంగులు ఆయన ఎంచి అందించారు. ముల్లుకి పూస ఎక్కించి, నీళ్లలో మునిగేలా సీసపు తీగ చుట్టి, పక్కల కాళ్లు పెట్టింది. దారం వదులైతే కాలు తిరిగిపోతుంది, బిగిస్తే తెగుతుంది. ఒకటి తెగనే తెగింది. విప్పి మళ్లీ కట్టింది. గ్లాసులో వేలాడదీసి ఊదింది.

"ఊగుతున్నాయి," అన్నారు మాస్టారు.

"ఆరూనా? నా మనసు నొప్పించలేక అంటున్నారేమో."

"లెక్కల్లో అబద్ధమాడితే పెన్షనాపేస్తారు అక్కయ్యా."

నవ్విందిగాని నమ్మలేదు. పురుగుని పైకి తీసి, వేలికి గుచ్చుకోకుండా ముల్లు మొనకి బెండు ముక్క గుచ్చి మళ్లీ నీళ్లలో దించింది. పక్కనే వేలు పెట్టి ఊదింది. మెత్తగా ఒక కాలు తగిలింది, తర్వాత రెండోది. వేలు చుట్టూ తిప్పుతూ అయిదు లెక్కపెట్టింది. ఆరోది లేదు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఊదింది. గోరు అంచున ఏదో నిమిరినట్టయింది.

మాస్టారు పురుగుని పెట్టుకోడానికి తెచ్చిన డబ్బీ మూత తీసి చాపారు.

"ఉండండి, ఆరోది ఇంకా తేలలేదు," అని ఆవిడ వేలు తియ్యకుండా ఇంకోసారి ఊదింది.