నాంచారయ్య మార్కు

రేపల్లెను గుంటూరు జిల్లా నుంచి తీసి బాపట్ల జిల్లాలో కలిపిన మరుసటి ఏడాది, 2023 వర్షాకాలం. తెనాలి స్టేషన్‌కు దగ్గర్లో ఒక బట్టల కొట్టు మీద ఉన్న ఒంటి గది నా ఆఫీసు. నేను ట్రేడ్‌మార్క్ ఏజెంట్‌ని. ట్రేడ్‌మార్క్ అంటే మన సరుకు మీద మనం వేసుకునే పేరో, బొమ్మో. అది మనదేనని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం నా పని. మా ఊళ్ళో ఈ పని ఒకటుందని చాలామందికి ఇప్పటికీ తెలియదు. బోర్డు చూసి పైకొచ్చి పాన్ కార్డు ఎన్నాళ్ళకు వస్తుందని అడుగుతారు. ఒకప్పుడు అలాంటివాళ్ళని కసురుకునేవాణ్ణి. నా భార్య పోయాక కసరడం మానేశాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలనిపించే రోజులు అవి.

ఆ మెట్లెక్కే తులసమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. అత్తవారిది నిజాంపట్నం వైపు, సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. తను మాత్రం రేపల్లెలో షెడ్డు తీసుకుని ఎండురొయ్యల పొడి చేసి అమ్ముతోంది. నుదుటి మీద పెద్ద బొట్టు, కాళ్ళకు మెట్టెలు. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టగానే గదంతా రొయ్యల వాసన కమ్ముకుంది.

"పేరేంటమ్మా?"

"తులసమ్మండి."

"నీ పేరు కాదమ్మా, సరుకు పేరు."

ఆమె సీసాను నా వైపు తిప్పింది. "దాని మీద ఉంది సార్, చూసుకోండి."

లేబుల్ మీద 'నాంచారయ్య' అని ఉంది. ఎవరీయన అని అడిగాను.

"మా ఇంటాయనండి" అంది, తల కొంచెం వంచి.

నాకు నవ్వొచ్చింది. మొగుడి పేరు నోటితో అనని ఆడవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ భయం. నా భార్యా అంతే. ఆసుపత్రి చీటీ దగ్గర నా పేరు అడిగితే పక్కనున్న ఎవరి చేతో చెప్పించేది. "నేను కట్టుకున్నది మనిషినా, మూగనోము పట్టిన దేవతనా?" అని ఏడిపించేవాణ్ణి. కాపురమంతా నా పేరు 'ఏమండీ' అనే. అందుకే తులసమ్మ దగ్గర రెట్టించలేదు. సీసా చూసి నేనే రాసుకున్నాను.

ఇండియాలో ఆ మార్కు అప్పటికే తులసమ్మ పేరున రిజిస్టర్ అయింది. అయితే ఇక్కడి రిజిస్ట్రేషన్ ఇక్కడి వరకే చెల్లుతుంది, బయటి దేశంలో ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. ఆమె భయమూ అదే. అమెరికాలో ఆమె పొడి అమ్మే కొట్టతను, పేరు అక్కడ తన పేరున పెట్టుకుంటానని ఫోన్లో చెప్పాడట. "రేపు నాకంటే చౌకగా ఇంకెవరన్నా పొడి ఇస్తే, అదీ ఈ పేరుతోనే అమ్ముతాడు గదండీ. ఎవరి రొయ్యలో ఆయన పేరు మీద ఎట్టా అమ్మనిస్తానండి?" అంది.

దీనికి మాడ్రిడ్ సిస్టమ్ అని ఒక పద్ధతి ఉంది. ఒక్క దరఖాస్తు పెట్టి అందులో మనకు కావలసిన దేశాలు ఎంచుకోవచ్చు. అమ్మాయి ఫొటో ఒకేసారి నాలుగు సంబంధాలకు పంపినట్టన్నమాట. జవాబు మాత్రం ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి లెక్కన చెప్తారు. అమెరికా మీద టిక్కు పెట్టి ఇక చాలా అన్నాను. ఆమె సంచిలోంచి చీటీ తీసి థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా అని చదివించింది.

"అక్కడ నీ పొడి ఎవరు కొంటారమ్మా? ఒక్కో దేశానికీ వేరే ఫీజు. వాడకపోతే కొన్నేళ్ళకు ఎవరైనా కొట్టేయించొచ్చు కూడా."

"కొనకపోయినా పర్లేదు సార్. పేరు ఉండనీండి."

డబ్బు ఆమెది, మొండితనమూ ఆమెదే. నాకెందుకని దరఖాస్తు పంపేశాను.

కొన్ని నెలలకు అమెరికా నుంచి ఆఫీస్ యాక్షన్ వచ్చింది. అంటే దరఖాస్తు చూసే అధికారి పెట్టే అభ్యంతరం. మార్కులో ఉన్న పేరు జీవించి ఉన్న వ్యక్తిదా అని అడిగారు. జీవించి ఉంటే ఆయన సంతకంతో అంగీకారపత్రం కావాలి. లేకపోతే లేరని దరఖాస్తుదారు చెప్పాలి. గడువులోగా ఏదో ఒకటి ఇవ్వకపోతే అమెరికాకు సంబంధించినంత వరకు దరఖాస్తు కొట్టేస్తారు. ఇది మామూలుగా అడిగే ప్రశ్నే, పెద్ద చిక్కేమీ కాదనుకున్నాను. ఆమెకు ఫోన్ చేసి, మీ ఆయన్ని ఒకసారి తెనాలి పంపమ్మా, సంతకం పెట్టించుకుంటానన్నాను. "మీరే ఒకసారి రాండి సార్" అంది.

మర్నాడు రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎండురొయ్యల తలలు గిల్లుతున్నారు. తులసమ్మ నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్ళి స్టూలు వేసింది.

"కొన్నేళ్ళ కిందట తుపానులో పడవ పోయిందండి. ముగ్గురెళ్ళారు. ఇద్దరు ఒడ్డుకు కొట్టుకొచ్చారు, శవాలై. ఆయన రాలేదు. మావాళ్ళు కర్మ చేసేద్దామన్నారు. నేను ఒప్పుకోలా. మనిషి కనపడకుండా బొట్టెట్టా తీస్తానండి?"

ఆ మూడు దేశాలు ఎందుకో అప్పుడు చెప్పింది. గాలివాటుకు అటు కొట్టుకుపోయి ఉండొచ్చని హార్బరులో ఎవరో పెద్దాయన అన్నాడట. అండమాన్ దాటితే ఏ దేశాలొస్తాయో ఆయన్నే అడిగి చీటీ రాయించుకుంది.

"ఆ దేశాల్లో ప్రభుత్వం దగ్గర పేరు రాసి ఉంటే, ఎప్పుడన్నా ఆయన్ని పోలీసోళ్ళు పట్టుకుని పేరేంటని అడిగితే, ఈ పేరు మా దగ్గరుంది, మీది రేపల్లె గదా అంటారుగా సార్?"

ట్రేడ్‌మార్క్ రిజిస్టరు అందుకు కాదని చెప్పడం నా వృత్తి ధర్మం. ఆ మాట చెప్పలేదు. పైగా ఆమె అన్నది పూర్తిగా తప్పూ కాదు. ఆ రిజిస్టర్లో పేరు పక్కనే చిరునామా ఉంటుంది.

"ఎక్కడున్నారో తెలీదని రాయకూడదా అండి?" అని అడిగింది.

అమెరికాలో మా తరఫున వాదించే అటార్నీని అంతకుముందే నేను వేరే కేసులో ఆ మాట అడిగి ఉన్నాను. ఉన్నారనో లేరనో తేల్చి చెప్పకపోతే అభ్యంతరం పోదన్నాడు. అదే ఆమెకు చెప్పి, "అమెరికా వదిలేద్దామమ్మా. మిగతా మూడింటికీ ఏం కాదు" అన్నాను. నిజంగా వదిలేస్తే బాగుండునని ఆశపడ్డాను.

"వదిలేస్తే పేరు ఆ కొట్టాయనది అయిపోద్దిగా" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "నడవండి అన్నయ్యగారూ, ఎక్కడ రాసియ్యాలో."

సార్ నుంచి అన్నయ్యగారినయ్యాను. ఆ పిలుపుకు సంతోషించే పరిస్థితి కాదు.

పడవ మునిగిన సంగతికి రుజువు కాగితం జిల్లా ఆఫీసులో తీసుకోవాలి కాబట్టి ఆ వారంలోనే బాపట్ల వెళ్ళాం. అది చేతికొచ్చాక కోర్టు దగ్గర నోటరీ ముందు కూర్చున్నాం. అఫిడవిట్ నేనే రాశాను. ఆ తుపాను తర్వాత కబురు లేదని, ఆమెకు తెలిసినంతలో ఆయన ఇప్పుడు జీవించి లేరని. రాసిన ప్రతి అక్షరానికీ నా మీద నాకే కోపం వచ్చింది. నోటరీ మంచివాడే. చదివి, సంతకానికి ముందు తన పద్ధతి ప్రకారం అడిగాడు.

"ఈ మార్కులో ఉన్న పేరు ఎవరిదమ్మా?"

"మా ఇంటాయనదండి."

"పేరు చెప్పాలమ్మా."

ఒకప్పుడు నా భార్యకు పక్కవాళ్ళు చెప్పిపెట్టినట్టు నేను అందుకోబోయాను. తులసమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నాంచారయ్యండి" అంది.

నోటరీ తలెత్తకుండా, "ఆయన ఇప్పుడు లేరు, అంతేగా?" అన్నాడు.

"పేరు చెప్పేశాను గదండీ."

ఆయన అర్థంకాక నా వైపు చూశాడు. ఔనని తలూపాను. ఆమె సంతకం పెట్టి పెన్ను తిరిగిచ్చింది. నేను బయటికొచ్చి చెట్టు కింద నిలబడి ఏడ్చాను.

తెనాలిలో దిగి ఆమెను రేపల్లె బండి ఎక్కించాను. కిటికీ దగ్గర నిలబడి, మిగతా మూడు దేశాల్లో దరఖాస్తు ఉపసంహరించమంటావా అని అడిగాను.

"అవెందుకండీ తీయటం? ఉంచండి" అంది.

బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద వెనకనుంచి ఎవరో ఆడమనిషి "ఏమండీ" అని పిలిచింది. గబుక్కున తిరిగాను. పిలిచింది తన భర్తను. సంచి మర్చిపోయాడట.

ఆ తర్వాత నాలుగు దేశాల నుంచీ రిజిస్ట్రేషన్లు వచ్చాయి. ఇప్పుడు మనిషి పేరుతో మార్కు తెచ్చిన ఎవరినైనా, ఆ మనిషి ఉన్నారా అని నేనే ముందు అడుగుతాను. అడిగాక కంప్యూటర్ వైపు చూడను. జవాబు ఆలస్యమైతే ఆలస్యమవనిస్తాను. ఆ ప్రశ్నకు ఒకే మనిషి దగ్గర రెండు జవాబులు ఉండొచ్చని, రెండూ అబద్ధం కాకపోవచ్చని ఆ కేసులో నేర్చుకున్నాను. అమెరికా కాగితాల ప్రకారం నాంచారయ్య లేడు. మిగతా మూడు దేశాలవాళ్ళు ఆ సంగతి అడగలేదు. తులసమ్మ కూడా చెప్పలేదు.