బరువు నీళ్లలో దాగిన గుర్తు

“అక్కా, పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది” అని మంగళవారం పొద్దున్నే మేడం చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. క్యారేజీ సర్దుకుంటున్నాను. మూత చేతిలోనే ఉండిపోయింది. గుంటూరు ల్యాబులో నాకు పని నేర్పిన మా మేడం ఇక లేరు.

మేడంది ప్రత్తిపాడు. వాళ్లమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్తే, సెలవుల్లో ఈవిడా పక్కన కూర్చునేవారట. పెద్దయ్యాక బతుకంతా మిరపకారం మీద పరిశోధన చేసిన మనిషి, మధ్యాహ్నం మాత్రం చప్పిడి పెరుగన్నం తినేవారు. మేం నవ్వితే, “నా వాటా కారం చిన్నప్పుడే కళ్లల్లో పడిందే” అనేవారు.

మా దగ్గర రెండు యంత్రాలు జతగా పనిచేస్తాయి. మొదటిది ద్రవంలో కలగలిసిన పదార్థాలను సన్నని గొట్టంలోంచి పంపి ఒక్కోదాన్నీ విడదీస్తుంది. రెండోది వాటిని పెద్ద అయస్కాంతంలో నిలిపి, ఒక్కోదాంట్లో హైడ్రోజన్లు ఎలా అమరాయో కాగితం మీద గీతగా చూపిస్తుంది. మొదటి పనికి మేడం పెట్టిన పేరు తొడిమలు తీయడం. “తొడిమ తీస్తే అయిపోలా. అది ఏ కాయో చెప్పు” అని నా వెంటపడేవారు.

ఒకసారి ఒక రైతు తన కాయలు ఆడించిన కారప్పొడి తెచ్చాడు. అందులో ఏదో కలిపాడని కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపారట. “కల్తీ చేశానంటన్నారమ్మా. ఊళ్లో తలెత్తుకోలేకపోతన్నా” అన్నాడు.

నిజంగానే ఒక కొత్త పదార్థం విడిగా వచ్చింది. దాని గీతలో, కారాన్నిచ్చే పదార్థానికి ఉండాల్సిన ఒక హైడ్రోజన్ గుర్తు లేదు. ఇది కాయలో పుట్టింది కాదు, బయటిదే అని రిపోర్టు రాసేసి మేడం ముందు పెట్టాను.

ఆమె ఆ గుర్తు ఉండాల్సిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టారు. నాకు మార్కులు వేశారేమో అనుకున్నాను.

“గొట్టంలోకి ఏ నీళ్లు పోశావే?”

“భారజలమండీ. మామూలు నీళ్లయితే వాటి గుర్తే గీతనంతా మింగేస్తుంది కదండీ.”

“మరి ఆ బరువు నీళ్లు ఊరుకుంటాయా? ఆ హైడ్రోజన్‌ను లాక్కుని, తమ బరువు హైడ్రోజన్‌ను అక్కడ కూర్చోబెట్టాయి. అది నీ గీతలో పడదు. చోటు ఖాళీగా లేదే, నీకు కనపట్టంలా.”

పుస్తకంలో చదువుకున్న సంగతే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పదార్థాన్ని పట్టి, మామూలు నీళ్లలో కలిపి పోయిన హైడ్రోజన్‌ను వెనక్కి రప్పించి, ఆరబెట్టి, నీళ్లు లేని వేరే ద్రవంలో మళ్లీ పెట్టాను. ఈసారి గుర్తు నిటారుగా లేచింది. మిగతా గుర్తులూ సరిపోయాయి. అది మిరపకాయలో సహజంగా పుట్టేదే, కారానికి తోబుట్టువు లాంటిది. మేడం ఆ కాగితం చూడకపోతే, ఏ పాపం ఎరగని మనిషి మీద నా చేత్తోనే మచ్చ వేసి ఉండేదాన్ని. రిపోర్టు ఇచ్చినప్పుడు ఆయన కళ్లకద్దుకున్నాడు. మేడం మాత్రం, “ఇది మీ కాయ మంచితనమండీ” అని పెరుగన్నం గిన్నె తెరిచారు.

మేడంను సాగనంపిన రోజు సమాధుల తోటలో ఆ రైతు కనిపించాడు. కండువా చేత్తో నలుపుతూ, అందరూ వెళ్లిపోయినా నిలబడే ఉన్నాడు. నేనూ ఆయన పక్కనే నిలబడి ఏడ్చాను.

మర్నాడు ల్యాబుకు వెళ్లాను. మేడం కుర్చీ ఖాళీగా ఉంది. నా బల్ల ఎదురుగా గోడకు ఆ పాత గీత కాగితం అలాగే అంటించి ఉంది. గీత చదునుగా పోయినచోట పెన్సిల్ సున్నా, దాని పక్కన మేడం గుండ్రటి అక్షరాలు: “ఇక్కడే ఉంది.”