ప్రకటనలు లేని వీడియో

పోయిన శుక్రవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ నరసరావుపేట ఆసుపత్రిలో కన్నుమూసింది. నేను స్కూలుకు బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. మీలో కొందరు ఆమె పచ్చళ్ళ వీడియోలు చూసే ఉంటారు. ఆ ఛానల్ ఎందుకు పుట్టిందో చెప్పకుండా ఆమె గురించి రాస్తే, ఆమెకే నచ్చదు.

ఐదేళ్ళ కిందట ఆమె భర్త, పెదనాన్న, పొలంలో పాము కరిచి పోయాడు. వాకిట్లో శవం ముందు పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ, ఆయన మంచీ చెడ్డా చెప్పుకుంటూ రాగం తీసి ఏడ్చింది. కొంగు జారింది కూడా తెలియలేదు. ఆమె మరిది కొడుక్కి ఒక ఛానల్ ఉండేది. ఎదురుగా నిలబడి అదంతా ఫోనులో తీసి అందులో పెట్టాడు. పెద్దదినం కాకముందే లక్షల మంది చూశారు. ఏడుపు మధ్యలో బిస్కెట్ల ప్రకటన. కింద నవ్వే బొమ్మలు.

"తీసెయ్యరా" అని వాడింటికెళ్ళి అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను.

"దాని మీదే నాకు నాలుగు డబ్బులొస్తున్నయి పెద్దమ్మా. నీకూ పేరొచ్చింది గదా" అన్నాడు.

ఆమె వాడి గడప దిగింది. తిరిగొచ్చే దారిలో, "ఆ ఫోనుతో ఎట్టా సంపాదిస్తారో నాకు నేర్పు అమ్మాయ్" అంది.

నేర్పాను. పండుమిరపకాయ పచ్చడితో మొదలుపెట్టింది. ఉప్పెక్కువైతే ఎక్కువైందనే చెప్పేది. "నాలిక్కి మొగమాటం ఉండగూడదు" అనేది. వీడియో తీసే ముందు కొంగుకు రెండు పిన్నీసులు పెట్టుకునేది. వెనక ఎవరైనా నడిచిపోతుంటే ఆపి, "వీడియోలో నువ్వు పడతన్నావు, పర్లేదా?" అని అడిగేది. ఏడాదికి ప్రకటనల డబ్బు రావటం మొదలైంది. మూడో ఏటికి ఆమె ఛానల్ వాడిదాన్ని దాటిపోయింది.

అప్పుడొచ్చాడు వాడు. చూసేవాళ్ళు తగ్గిపోయారట. "ఒక్క వీడియోలో నన్నూ కూర్చోబెట్టు పెద్దమ్మా" అన్నాడు. నేను వద్దన్నాను. ఆమె పీట వేసి అన్నం పెట్టింది. వాడు రెండు ముద్దలు తిని, కెమెరా వైపు తిరిగి చానా బాగుందన్నాక, నిదానంగా అడిగింది.

"మీ పెదనాన్న శవం ముందర ఫోను పట్టుకుంది ఏ చేత్తోరా?"

వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మూడేళ్ళ నుంచి నా ఏడుపు మీద తింటన్నావు. ఇయ్యాల నా చేతి కూడూ తిన్నావు. చెప్పు, తీసేస్తావా?"

"తీసేస్తా" అన్నాడు తలెత్తకుండా.

ఒక్క ముక్క కొయ్యకుండా ఆ వీడియో నాచేత పెట్టించింది. దాని మీద ప్రకటనలు మాత్రం వద్దంది. "ఇది కూటి కోసం చేసింది గాదు." అన్నిటికంటే దాన్నే ఎక్కువమంది చూశారు, పైసా రాలేదు. ఆ వారంలోనే పాత వీడియో పోయింది. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు "ఏ చేత్తోరా" అంటుంటే వాడు ఆ దారినే మానేశాడు. నాకెంత హాయిగా ఉండేదో దాచుకోను.

"ఇక క్షమించావా పెద్దమ్మా?" అని ఓసారి అడిగాను.

"నేనెవర్ని? అడగాల్సింది ఆయన్ని. ఆయన లేడు గదా" అంది, మిరపకాయల తొడిమలు తీస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెను ఇంటికి తెచ్చారు. వాడూ వచ్చాడు. గేటు దగ్గర నేనే ఉన్నాను.

"ఒక్కసారి చూసిపోతానక్కా."

"చూసింది చాల్లే" అన్నాను.

రోడ్డవతల ఎండలో, చెప్పులు విడిచి, పాడె లేచేదాకా నిలబడ్డాడు. తారు కాలుతుంటే కాలు మార్చి కాలు వేస్తున్నాడు. మా అమ్మ జాలిపడి చెంబుతో మంచినీళ్ళు తీసుకుని బయల్దేరింది. ఆమె చేతిలోంచి చెంబు తీసుకుని, వాడు చూస్తుండగా, నేనే తాగేశాను.