ఆక్వాతో కడిగిన ముఖం

ఆ రోజుల్లో మగవాడి ముఖానికి విడిగా ఒక సబ్బు ఉంటుందని పలాసలో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఒంటికి రుద్దిందే ముఖానికి. అది అరిగిపోతే బట్టల సబ్బు, అదీ లేకపోతే ఉత్త నీళ్ళు. ఇంత సులువైన పనిని నేనొక్కణ్ణే ఎంత కష్టం చేసుకున్నానో చెబుతాను. (ఇందులో సగం నా కల్పనేనని మా ఆవిడ అంటుంది. ఏ సగమో చెప్పమంటే నవ్వి ఊరుకుంటుంది.)

అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. జీడిపప్పు ఫ్యాక్టరీలో డబ్బాలకి లేబుళ్ళు అంటించే ఉద్యోగం. కారం జీడిపప్పు డబ్బా మీద ఏం రాయాలో నేను చేరిన రోజే మా యజమాని చెప్పాడు: "ఏది ఎక్కువుంటే అది ముందు రాయాల. తక్కువది ఆకర్న." ఆ ఒక్క ముక్కతో ప్రపంచంలో ఏ లేబులైనా చదివి పారేయగలనన్న ధీమా నాకు పట్టుకుంది. ఇక పెళ్ళి సంగతి. అప్పటికే ఆరు సంబంధాలు చూశాం. ఆరూ నేను నోరు విప్పి కోతల కబుర్లు మొదలెట్టగానే చెడిపోయాయి. ఏడోది టెక్కలి పిల్ల. డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతోంది. పది రోజుల్లో చూడ్డానికి రమ్మన్నారు. "ఈపాలి నోరు మూసుకుని కూకో, నాయినా. మొకం బాగానే ఉన్నాది గదా, దాన్ని సూపించి వచ్చీ" అని అమ్మ ఒట్టు వేయించుకుంది. అంటే నాకు మిగిలిన ఆస్తి ఆ ముఖం ఒక్కటే అన్నమాట. ఆ సంతోషంలో, పచ్చి జీడి తొక్కలు ఎత్తిపోసిన చేత్తోనే చెమట తుడుచుకున్నాను. ఆ తొక్కలోని రసం చర్మాన్ని కాల్చేస్తుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. బుగ్గలు భగ్గుమన్నాయి. మంట తగ్గాలని బట్టల సబ్బుతో రుద్దాను. మర్నాటికి ఉడికించిన దుంపలా పొట్టు లేచింది.

మందుల షాపతను ఊరందరికీ మావే. నన్ను చూసి "ఏటిరా, మొకాన్ని బండకేసి ఉతికేవేటి?" అన్నాడు. సంగతి విని, "ఇంక సబ్బు ముట్టకు. తోలుకి మంటెట్టకుండా మెత్తగా కడిగే పేస్‌వాసులున్నాయి, మూడు రకాలు. సూసి తీసుకో" అని మూడు సీసాలు ముందు పెట్టాడు.

"తేడా ఏటి, మావా?"

"సీసా ఎనకాల రాసుంటాది. అదంతా సదివే తీరికుంటే నాను డాక్టరయిపోదును."

లేబుళ్ళంటే నాకా చెప్పడం! స్టూలు లాక్కుని, నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి, మూడు సీసాల వెనక ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. మొదటిదాంట్లో సల్ఫేటేదో రెండో వరసలోనే ఉంది. రెండోదాంట్లో అది లేదు, కోకో అని మొదలయ్యే బారెడు పేరుంది. (కోకో అంటే కొబ్బరేనని కొబ్బరితోటల ఉద్దానం వాడికి ఒకరు చెప్పాలా?) మూడోదాంట్లో కొబ్బరితో పాటు రంగు, సెంటు. గ్లిజరిన్ ఒకదాంట్లో పైన, మిగతా రెండింట్లో అట్టడుగున. ఇవన్నీ సరేగాని, మూడింట్లోనూ అన్నిటికంటే ముందున్న పేరు ఒక్కటే. ఆక్వా.

మా తీరంలో ఆక్వా అంటే రొయ్యల చెరువు. ఆక్వా రైతు, ఆక్వా మేత, ఆక్వా మందులు. ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చన్న అనుమానం కలలో కూడా రాదు. ఏది ఎక్కువుంటే అది ముందు! అసలు సరుకు మన దగ్గరే ఉండగా సీసా ఎందుకని మూడింటినీ అక్కడే వదిలేసి, సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులు చూసుకునే మా అత్త కొడుకు దగ్గరికి బయలుదేరాను.

"బావా, లోకమంతా మీ సెరువు నీల్లతోనే మొకం కడుగుతున్నాది, తెల్సా?"

బావ నోటుపుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "అదేటో గానీ బావా, మా రొయ్యలు మాత్రం నున్నగుంటాయి. ఒక్కదానికీ మొటిమ నేదు."

అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కోకో లోటు లేకుండా కొబ్బరి కోరు కలిపి, రోజుకి మూడుసార్లు ఆ నీళ్ళతో ముఖం కడిగాను. నాలుగో రోజు ముఖం ఉడికిన రొయ్య రంగుకొచ్చింది. అప్పుడు బావ తల గోక్కుని, "మొన్న సెరువులో సున్నం, బ్లీచింగు కొట్టించినాను. నీకు సెప్పడం మర్సిపోనాను" అన్నాడు.

పెళ్ళిచూపులకి అమ్మా, బావా, నేనూ ఆ ముఖమే పట్టుకెళ్ళాం. మాట ఇచ్చాను కాబట్టి నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. పిల్ల నాయనమ్మ దగ్గరకొచ్చి వంగి చూసింది. "ఓలమ్మ! ఈ బాబు మొకం ఏటిలాగెర్రగున్నాది?"

"సిగ్గండీ. మా బావకి సిగ్గెక్కువ" అన్నాడు బావ.

"సిగ్గుకి పొట్టు లేస్తాదేటి, నాయినా?"

పిల్ల తండ్రి కుర్చీలోంచి సగం లేచాడు. అమ్మ నేల చూపులు చూసింది. ఏడోదీ పోయిందని నాకు అర్థమైంది. ఎలాగూ పోయేదే కదా అని, నా జీవితంలో చాలా అరుదుగా చేసే పని ఒకటి చేశాను: జరిగింది జరిగినట్టు చెప్పేశాను. సాక్ష్యానికి నోటుపుస్తకం కూడా తీసి చూపించాను. అప్పటిదాకా తలుపు పక్కనున్న పిల్ల వచ్చి అది అందుకుంది.

"ఆక్వా అంటే నీళ్ళండీ."

"ఏ నీళ్ళు?"

"ఉత్త నీళ్ళే. లాటిన్‌లో అలాగంటారు."

ఇల్లంతా గొల్లున నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది బావే. ఆ పిల్ల మాత్రం నవ్వకుండా పెన్సిల్ తెచ్చి, తరగతిలో పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఈ మొదటిదాన్లో సల్ఫేటుంది. నురగ బాగా వస్తాది గానీ పొట్టు లేచిన మొకానికి మంట. మూడోదాన్లో సెంటు, అదీ పడదు. రెండోది కొనుక్కోండి." రెండో గడి కింద గీత గీసి, గొంతు తగ్గించి అంది: "తప్పు అర్థం చేసుకున్నారు గానీ, ఒక్క స్పెల్లింగూ తప్పు రాయలేదండీ. మొకం బాగయ్యాక ఇంకోపాలి రండి."

మూడు వారాలు ఆ రెండో సీసాతో కడిగి, కడిగి, చందమామలా తయారై వెళ్ళాను. (ఇది కల్పించిన సగంలోది.) ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, "అసలు మొకం ఇదా? అప్పుడే నయమండీ, ఎర్రగా ఉండీవోరు" అంది. అని, కాఫీ గ్లాసు నా చేతికిచ్చింది. వాళ్ళ నాయనమ్మ ముహూర్తాల మాట ఎత్తింది.

ఆ సాయంత్రం బస్సు కిటికీ అద్దంలో నన్ను నేనే చూసుకుంటూ, మురిసిపోతూ పలాస చేరాను. ఇప్పుడు టెక్కలి వెళ్ళేటప్పుడు కిటికీ పక్క సీటు మా ఆవిడకే వదిలేస్తాను. ఈ వయసులో అద్దంలో చూసుకోడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆవిడ బయట కొబ్బరితోటలు చూస్తూ కూర్చుంటే, ఇటునుంచి నేను ఆవిడ ముఖం చూస్తూ కూర్చుంటాను.