గడీ గోడకు అతుకు

పోలీసు యాక్షన్ అయ్యాక నకిరేకల్ చుట్టుపక్కల దొరలు ఒక్కొక్కరే మిలిటరీ వెనకాల ఊళ్లకు తిరిగొచ్చారు. ఈ ఊరి దొర వచ్చీ రాగానే గచ్చుపని మారయ్యను పిలిపించాడు. దొరను తరిమేసినప్పుడు రైతు సంఘం వాళ్లు ధాన్యం కోసం పగలగొట్టిన అతని గడీ వసారా గోడను అప్పటికే రాళ్లతో పూడ్చారు. కొత్త రాయి పాత గచ్చును కలిసేచోట మాత్రం అతుకు మానని గాయంలా కనబడుతోంది.

"పోలీసు ఆఫీసరు బువ్వకొస్తుండు. గోడ పలిగిన జాడ కనవడొద్దు. గట్ల చేస్తె నీ అల్లుని ముచ్చట మాట్లాడుత" అన్నాడు దొర.

అల్లుడు వెంకటనర్సు నల్గొండ జైల్లో ఉన్నాడు. అతని మీద మోపిన నేరం ఈ గోడ పగలగొట్టడమే.

మారయ్యకు చెయ్యి భుజం దాటి లేవడం మానేసి చాలా కాలమైంది. అయినా పాత గచ్చు అంచును ఏటవాలుగా చెక్కి, నీళ్లతో నానబెట్టాడు. కూతురు యాదలక్ష్మి సున్నంలో కలిపే కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు మోసింది. పలచగా ఒక పూత వేసి, ఆరాక దానికంటే వెడల్పుగా ఇంకోటి. అలా అంచు పాత గోడలోకి కరిగిపోవాలి.

"ఏందిరా మారిగా, పెండ్లిపిల్లకు పసుపు రాసినట్టు గింత నిమ్మలమా?" అన్నాడు దొర గుమాస్తా.

"పెండ్లిపిల్ల ఒక్కపూటల తయారైతది పటేలా. గోడ కాదు."

గుమాస్తాకు ఓపిక లేదు. మారయ్య సద్ది తినడానికి పోగానే తొందరగా ఆరుతుందని గోడ దగ్గర బొగ్గుల కుంపటి పెట్టించాడు. వచ్చి చూస్తే అతుకు పొడుగునా వెంట్రుకంత పగులు.

"సాలు నాయినా, పైన సున్నం కొట్టు. ఎవలు సూస్తరు?" అంది యాదలక్ష్మి.

"పొద్దటెండ పక్కకెల్లి పడితె గుడ్డోనికి గూడ కనవడతది బిడ్డా."

మళ్లీ చెక్కాడు. మళ్లీ పూశాడు. సున్నానికి వేళ్లు పగిలి మండుతుంటే నున్నటి వాగురాయితో మెరుపొచ్చేదాకా రుద్దాడు.

ఆఫీసరు కోస్తా మనిషి. భోజనం చేసి వసారాలో కూర్చుని నవ్వుతూ అడిగాడు. "ఏవండీ, ఊరివాళ్లు మిమ్మల్ని తరిమేశారటగా?"

దొర మొహం ఎర్రబడింది. "నన్నా? నా గడీ గోడ మీద చెయ్యేసే మొగోడు గీ ఊర్ల పుట్టలే!"

సున్నం తొట్టి దగ్గరున్న మారయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "గట్లయితె మా అల్లుడు ఏ గోడ పలగ్గొట్టిండని లోపలేసిండ్రు బాంచెన్?"

ఆఫీసరు నవ్వు ఆపాడు. "ఫిర్యాదులో వసారా గోడ అనే ఉంది" అంటూ లేచి ఈ మూల నుంచి ఆ మూల దాకా అరచేత్తో నిమిరాడు. "ఎక్కడండీ పగిలింది?"

చూపిస్తే దొర మాట పోతుంది, చూపకపోతే కేసు పోతుంది. దొర మీసం సవరించుకున్నాడు.

"ఎవడో తప్పు చెప్పిండు. వాణ్ణి ఇడిసిపెట్టుమనుండ్రి."

"ఆ మాటే రాసివ్వండి" అన్నాడు ఆఫీసరు.

ఆ కాగితం నల్గొండకు చేరే లోపే అక్కడుండాలని యాదలక్ష్మి కొంగు బిగించింది. "లే నాయినా, పోదాం."

"నువ్వు నడువు బిడ్డా. జర ఊపిరి తీసుకోని వస్త" అన్నాడు మారయ్య. తాపీ కడగబోతే, బలమంతా ఆ అతుకుకే పోసిన చేతిలో అది నిలవలేదు.