కణుజు నిలబడిన పది నిమిషాలు

మొన్న ఆదివారం అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నా పక్కన వీపు సంచులతో నలుగురు పిల్లలు కూర్చున్నారు, ఏదో అడవిలో నడిచి నడిచి అప్పుడే వచ్చినట్టున్నారు, బూట్లకి ఇంకా ఎర్రమట్టి ఉంది. నేను తొంగి చూడడం గమనించిన ఒకమ్మాయి, "చూడండి అంకుల్, ఈ జింక మస్తు దగ్గరకొచ్చింది" అని ఫోను నా చేతికిచ్చింది. బాగుందమ్మా అని తిరిగిచ్చేశాను. పంజాగుట్టలో దిగవలసినవాణ్ణి దిగకుండా ఇంకో స్టేషను దాకా అలాగే కూర్చుండిపోయాను.

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనబడని కాలం మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, కంప్యూటరు కోర్సుల బ్యానరు మీద ఇంకో బ్యానరు, దాని కింద కరపత్రాలు పంచేవాళ్లు, ఊళ్ల నించి సూట్‌కేసులతో దిగే కుర్రవాళ్లు. నేను తెనాలి నించి వచ్చి అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఉండడం మాత్రం ఎర్రమంజిల్ క్వార్టర్సులో, మా అక్కా బావగార్ల దగ్గర. వాళ్లకి పిల్లలు లేరు. బావగారు ఆఫీసు నించి వచ్చాక పాత కెమెరా ఒకటి ఒళ్లో పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుచుకునేవారు, సెలవు దొరికితే చాలు ఏదో ఒక జాతీయ పార్కుకి బస్సెక్కేవారు, నన్ను కూడా లాక్కుపోయేవారు. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే కాబట్టి ఒక్కొక్కటీ ఆలోచించి తీయాలనీ, కెమెరా కంటి దగ్గరుండగా నోరు మెదపకూడదనీ చెప్పేవారు. కడిగించడం పంజాగుట్టలో ఒక చిన్న ల్యాబులో, అక్కడి భాయ్ మా బావగారి నెగెటివులంటే చేతిలో పని ఆపి మరీ చూసేవాడు.

ఆ ఏడు వానలు తగ్గాక రాయలసీమ కొండల్లోని ఒక పార్కుకి వెళ్లాం. దారి చూపడానికి ఒక పెద్దాయన వచ్చాడు. సగం ఎక్కాక బావగారు ఒక బండ మీద కూర్చుని, "భుజం లాగుతోందోయ్, రాత్రి బస్సులో సరిగా పడుకోలేదు. ఇవాళ నువ్వు తియ్యి, చూద్దాం" అని కెమెరా నా మెడలో వేశారు. ఆయన తన కెమెరాని ఇంకొకరి చేతికివ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సంబరంలో, ఎడమ భుజం పట్టుకుని నవ్వుతున్న ఆయన్నే మొదట ఒకటి తీశాను. పెద్దాయన కింద చెలమలో నీళ్లు తేవడానికి దిగాడు, నేను వంద అడుగులు పైకి నడిచాను.

అక్కడ పొదల వెనక నించి కణుజు వచ్చింది, జింకల్లో అన్నిటికన్నా పెద్దది. పెద్ద కొమ్ములు, తడిసి నల్లబడిన మెడ, ఎండ సరిగ్గా దాని ముఖం మీద. అలాంటిది మళ్లీ నా కంటికి దొరకలేదు. మూడోదో నాలుగోదో తీస్తుండగా కింద నించి "ఏవోయ్" అని వినపడింది. కణుజు చెవులు నిక్కించింది కానీ కదల్లేదు. కాసేపటికి మళ్లీ పిలిచారు, ఈసారి గొంతు చిన్నగా ఉంది. పలికితే అది పారిపోతుంది, ఆయనే తిడతారు అనుకున్నాను. పది నిమిషాలు అది అక్కడే నిలబడింది, నేనూ నిలబడ్డాను. పెద్దాయన కేక విని నేను దిగి వచ్చేసరికి బావగారు బండకి ఒరిగి ఉన్నారు. "సారు ల్యాడు సామీ" అన్నాడు పెద్దాయన, చేతిలో నీళ్ల డబ్బా అలాగే పట్టుకుని.

కర్మకాండలయ్యాక అక్క ఆయన ఆఖరి ఫొటో అడిగింది. రీలు తీసుకుని పంజాగుట్ట వెళ్లి, బావగారు కొండ మీదే పోయారని భాయ్‌కి చెప్పాను. భాయ్ కడిగిన నెగెటివుని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"గీ సారు కూసున్న ఫొటో తర్వాత వరుసగ పదకొండు ఫొటోలు కణుజువే ఉన్నయి. సారు నిన్ను పిలవలేదా అన్నా?"

"లేదు భాయ్" అన్నాను.

"మస్తుగొచ్చింది. సారుంటే ఖుష్ అయితుండె" అని మాత్రం అని తల దించుకుని కవరులో పెట్టిచ్చాడు.

అక్కకీ అదే చెప్పాను, పిలవలేదని, నిద్రలో పోయినట్టు పోయారని. కణుజు ఫొటోని మా ఇన్‌స్టిట్యూట్ యజమాని పెద్దది చేయించి రిసెప్షన్లో పెట్టించాడు, వచ్చినవాళ్లంతా ఎవరు తీశారని అడిగేవారు, నేనని చెప్పేవాణ్ణి. వద్దు, తీసెయ్యండి అనడానికి నోరు రాలేదు.

నాకు పెళ్లయి శ్రీనగర్ కాలనీలో ఇల్లు తీసుకున్నాక అక్కని మా దగ్గరకే తెచ్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. చేటలో చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నిసార్లు పిలిచారు?"

"రెండుసార్లు."

ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "గుండె ఆగిపోయిందని, ఎవరున్నా బతికేవారు కాదని అప్పుడే డాక్టరు నాకు చెప్పాడురా. దానికి నిన్నేమీ అనను. కానీ పలకాల్సింది. ఎవరూ లేరనుకుని పోయారు ఆయన."

మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడా కొండ దారికి ఇనప కమ్ములు వేశారట, సగం దాకా జీపు వెళుతుందట, బండల మీద కూడా ఫోను పలుకుతుందట. పంజాగుట్టలో ల్యాబు లేదు, భాయ్ ఎటు పోయాడో తెలిసినవాళ్లూ లేరు. నేను కెమెరా పట్టి ఎన్నేళ్లయిందో. అక్క నాతో మాట మానలేదు, నాకు ఇష్టమైన కూరలు వండడం మానలేదు. ఒక్కటే మారింది. అంతకు ముందు ఏం కావాలన్నా వంటింట్లోంచి గట్టిగా పిలిచేది. ఆ మధ్యాహ్నం తరవాత ఒక్కసారి కూడా పిలవలేదు. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచి నా కుర్చీ దాకా వచ్చి, నా ముఖం చూసి, అప్పుడు అడుగుతుంది.